లా చదవనివారు చట్టం గురించి రాయవచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది అనంతపురం జిల్లా. రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 33 ఏళ్లు పనిచేసి, డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. చట్టాల సమాచారాన్ని తెలుగులో అందించే ఒక వెబ్‌సైటు వారు నన్ను వ్యాసాలు పంపమని అడిగారు. అడంగల్ (ఊరి భూములు, పంటల రికార్డు), 1బి (భూమి హక్కుదారుల రికార్డు), మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు), పాసుపుస్తకాల గురించి రైతులకు అర్థమయ్యేలా రాయాలని నాకూ ఉంది. కానీ నేను లా చదవలేదు. మా ఊరి కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు గారొకరు, న్యాయవాది కానివాళ్లు చట్టం గురించి రాయడం నేరమనీ, బార్ కౌన్సిల్ ఊరుకోదనీ అన్నారు. న్యాయవాదిగా ఉన్న మా మేనల్లుడేమో ‘నువ్వు రాయి మామా, నా పేరుతో వేయిద్దాం’ అంటున్నాడు. నేను రాయవచ్చా? పాఠకులు తమ భూముల గురించి అడిగితే జవాబులు ఇవ్వవచ్చా? నా పేరు కింద ‘న్యాయ సలహాదారు’ అని వేసుకోవచ్చా?
— ఒక విశ్రాంత ఉద్యోగి

సమాధానం: పెద్దలకు నమస్కారం. మీరు రాయవచ్చు, మీ పేరుతోనే రాయవచ్చు. చట్టం గురించి వ్యాసం రాయాలంటే లా పట్టా ఉండాలని గానీ, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలని గానీ మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. పాఠకుల సొంత భూముల గురించి జవాబులివ్వడం మాత్రం వేరే సంగతి, అక్కడ మీరు ఆగవలసిన గీత ఒకటుంది. ‘న్యాయ సలహాదారు’ అన్న మాట దయచేసి వేసుకోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

వకీలు గారి మనసులో ఉన్నది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం అయి ఉంటుంది. న్యాయవాద వృత్తి చేసే హక్కు అడ్వకేట్లకు మాత్రమే ఉందని ఆ చట్టం 29వ సెక్షను చెబుతుంది. కోర్టుల ముందు, అధికారుల ముందు ప్రాక్టీసు చేసే హక్కును 33వ సెక్షను వారికే పరిమితం చేస్తుంది. ఆ అర్హత లేకుండా కోర్టులోనో మరో అధికారి ముందో ప్రాక్టీసు చేసినవారికి 6 నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చునని 45వ సెక్షను అంటుంది. మూడు సెక్షన్లనూ ఎన్నిసార్లు చదివినా వాటిలో కనిపించే మాట ‘ప్రాక్టీసు’ ఒక్కటే. చట్టాన్ని చదివి అర్థం చేసుకుని పదిమందికి వివరించడాన్ని అవి ముట్టుకోలేదు. ముట్టుకోగలిగేవి కూడా కావు, ఎందుకంటే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో చట్టాల గురించి, తీర్పుల గురించి మాట్లాడే స్వేచ్ఛ కూడా ఉంది. పరువునష్టం, కోర్టు ధిక్కారం వంటి కారణాలతో 19(2) కింద విధించే పరిమితులు న్యాయవాదికైనా, విశ్రాంత ఉద్యోగికైనా ఒకే రీతిన వర్తిస్తాయి.

బార్ కౌన్సిల్ విషయానికి వస్తే, అది క్రమశిక్షణ చర్య తీసుకోగలిగేది తన రోల్‌లో (నమోదు జాబితాలో) పేరున్న న్యాయవాదుల మీదే. నిజానికి రాతల విషయంలో ఆంక్షలు ఎక్కువగా ఉన్నది మా వృత్తివారికి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలో 36వ నియమం, న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ తన గురించి ప్రచారం చేసుకోకూడదని, తాను నడుపుతున్న కేసులకు సంబంధించి పత్రికలలో వ్యాఖ్యలు, ఫొటోలు వేయించుకోకూడదని చెబుతుంది. 2008లో చేసిన సవరణ తర్వాత కూడా, న్యాయవాది తన వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంటు వివరాలు, అర్హతలు, ప్రాక్టీసు చేసే రంగాల వంటి కొద్దిపాటి సమాచారం మాత్రమే పెట్టుకోగలడు. 51వ నియమం న్యాయవాదులు పత్రికా రచన చేయవచ్చునంటూనే, అది ప్రచార నిషేధానికి లోబడి ఉండాలంటుంది. కాబట్టి చట్టాల వెబ్‌సైటుకు ఒక న్యాయవాది వ్యాసం పంపినప్పుడు సంపాదకుడు చూసుకోవలసిన జాగ్రత్త ఒకటి, మీరు పంపినప్పుడు చూసుకోవలసిన జాగ్రత్త మరొకటి.

న్యాయవాది కానివారు అన్న మాటలో ఎవరెవరు వస్తారో కూడా ఒక్కసారి ఆలోచించండి. పూర్తికాలం జీతం మీద పనిచేసేవారు ప్రాక్టీసు చేయకూడదన్న నియమం వల్ల, లా కళాశాలల్లో జీవితమంతా చట్టం బోధించిన ఆచార్యులలో చాలామంది న్యాయవాదులు కారు. బి.ఎల్. పాసై ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారూ కారు. మన తెలుగునేలనే చూసుకుంటే, కె. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం బోధించినవారు. పౌరహక్కుల గురించి, పోలీసుల అధికారాల గురించి, రాజ్యాంగం గురించి ఆయన రాయడం మొదలుపెట్టిన చాలా ఏళ్లకు గానీ న్యాయవాది కాలేదు. ఆ తొలి రచనలను లా పట్టా లేనివాడి రాతలని ఎవరైనా పక్కన పెట్టి ఉంటే నష్టపోయేది తెలుగు పాఠకులే.

మీ విషయంలో ఇంకొక ఆధారం కూడా ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం కింద, జనానికి చట్టపరమైన అవగాహన కలిగించడం న్యాయ సేవాధికార సంస్థల బాధ్యతలలో ఒకటి. ఆ పని కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకాన్ని తెచ్చింది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల మహిళలతో పాటు విశ్రాంత ప్రభుత్వ ఉద్యోగులను కూడా వాలంటీర్లుగా తీసుకోవచ్చునని ఆ పథకం పేరుపెట్టి చెబుతుంది. లా విద్యార్థులు కూడా అందులో చేరవచ్చు గానీ, న్యాయవాదులుగా నమోదయ్యేవరకు మాత్రమే. చట్టాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లడానికి న్యాయవాదులు కానివారిని ఆ వ్యవస్థే పిలిచి శిక్షణ ఇస్తుంటే, అదే పనిని అక్షరాల్లో చేయడం నేరమెలా అవుతుంది?

ఇక గీత ఎక్కడుందో చూద్దాం. ‘న్యాయవాద వృత్తి’ అంటే కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. విదేశీ న్యాయవాదులు మన దేశంలో ప్రాక్టీసు చేయవచ్చా అన్న వివాదంలో, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకూ ఎ.కె. బాలాజీకీ మధ్య నడిచిన కేసులో, 2018 మార్చి 13న సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తేల్చింది. కోర్టులో హాజరు కావడంతో పాటు న్యాయపరమైన అభిప్రాయం ఇవ్వడం, దస్తావేజులు తయారు చేయడం, న్యాయపరమైన చర్చలలో పాల్గొనడం వంటి కోర్టు బయటి పనులు కూడా న్యాయవాద వృత్తిలో భాగమేనని చెప్పింది. ఒక వ్యక్తి తన కాగితాలు, తన కష్టం మన ముందు పెట్టి ‘నన్నేం చేయమంటారు’ అని అడిగినప్పుడు, ఫలానా కోర్టులో ఫలానాది వేయండి అని చెప్పడం అభిప్రాయం ఇవ్వడం కిందికే వస్తుంది. దానికి రుసుము కూడా తీసుకుంటే ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

ఈ గీతను న్యాయవాదులు తమ ఆదాయం కాపాడుకోవడానికి గీసుకున్నారని అనుకునేవారున్నారు. మీకు బాగా తెలిసిన పనిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. పట్టాదారు మరణిస్తే వారసుల పేర్ల మీదికి మ్యుటేషన్ ఎలా జరుగుతుందో మీరు వ్యాసం రాశారనుకుందాం. అది చదివి ఒకావిడ, ‘మా నాన్న పోయాక అన్న ఒక్కడే తన పేరు ఎక్కించుకున్నాడు, నేనేం చేయాలి’ అని మీకు ఉత్తరం రాసింది. మీకు ఆఫీసు వ్యవహారం తెలుసు కాబట్టి, ‘ఆర్డీవో దగ్గర అప్పీలు వేయండి, సివిల్ కోర్టు అక్కర్లేదు’ అని మంచి మనసుతోనే జవాబిచ్చారు. ఆమె ఆ అప్పీలు చుట్టూ రెండేళ్లు తిరుగుతుండగా, 1బిలో తన పేరు ఒక్కటే ఉన్న అన్న ఆ భూమిని మూడో మనిషికి రిజిస్టరు చేసేశాడు. ఆమెకు కావలసినది భాగపరిష్కారం (ఆస్తి పంపకం) దావా, దానితో పాటు ఆ భూమిని అమ్మకుండా ఒక ఇంజంక్షను ఆర్డరు. ఆ రెండూ సివిల్ కోర్టు మాత్రమే ఇవ్వగలిగినవి. ఇదే తప్పు ఒక న్యాయవాది చేస్తే ఆమె బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మీ మీద ఆమెకు అలాంటి దారి లేదు. గీత ఉన్నది ఆమె కోసం.

అలాగని ఆమె ఉత్తరాన్ని చించి పడేయమని నేను అనను. ఆ ఉత్తరంలో వందమందికి పనికొచ్చే ప్రశ్న ఉంది. పేరు, ఊరు, సర్వే నంబరు తీసేసి, వారసులలో ఒక్కరి పేరే ఎక్కినప్పుడు చట్టంలో ఏయే దారులున్నాయో, రెవెన్యూ అధికారి ఎంతవరకు తేల్చగలడో, ఏది కోర్టుకు వెళ్లవలసిందో, దేనికి ఎంత గడువో మీరు అందరికీ చెప్పవచ్చు. ఆమెకు విడిగా రాసే జవాబులో మాత్రం, కాగితాలు తీసుకుని న్యాయవాదిని కలవమనీ, ఆ స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనీ చెప్పండి. పైన చెప్పిన లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఈ సంగతి తెలియక అప్పు చేసి ఫీజులు కట్టే ఆడవాళ్లను నేను ఎందరినో చూశాను కాబట్టి, మీరు రాసే ప్రతి వ్యాసం చివరా ఈ ఒక్క వాక్యం ఉన్నా చాలునని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. మీ అనుభవమే మీ బలం, అయితే మీరు పొరపడే ప్రమాదం కూడా అక్కడే ఉంది. 33 ఏళ్లు ఆఫీసులో పనిచేసినవారికి, ఆఫీసులో జరిగేదే చట్టం అనిపించడం సహజం. పాసుపుస్తకం సంగతే తీసుకోండి. ‘పాసుపుస్తకం ఉంది కదా, భూమి నాదే’ అని రైతు అంటాడు, రెవెన్యూ ఉద్యోగి కూడా చాలాసార్లు అదే అంటాడు. కానీ 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 6వ సెక్షను చెప్పేది, రికార్డులో ఉన్న నమోదు తప్పని రుజువయ్యేదాకా అది సరైనదిగా భావించాలని మాత్రమే. ఆ నమోదు వల్ల నష్టపోయినవాడు హక్కు ప్రకటన కోసం సివిల్ కోర్టులో దావా వేయవచ్చుననీ, కోర్టు డిక్రీని బట్టి రికార్డును సవరించాలనీ అదే చట్టం 8వ సెక్షను చెబుతుంది. మ్యుటేషను శిస్తు వసూలు అవసరాల కోసం చేసే నమోదే తప్ప, దానివల్ల యాజమాన్య హక్కు పుట్టదనీ పోదనీ సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. ఈ తేడాను వదిలేసి ‘1బిలో పేరు ఎక్కితే భూమి మీదే’ అని ఒక వ్యాసం వస్తే, అది చదివి లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి పాత దస్తావేజులు) చూడకుండా, ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించకుండా పొలం కొనేవాడి గతి ఏమిటి?

మరోవైపు, మీకు తెలిసినది నాకు తెలియదు. తెల్లకాగితం మీద రాసుకున్న క్రయాన్ని 1971 చట్టం 5ఎ సెక్షను కింద క్రమబద్ధీకరించేటప్పుడు విచారణ ఎలా జరుగుతుంది, ఇరుగుపొరుగు రైతులను ఏమడుగుతారు, 13బి సర్టిఫికెట్ (ఆ క్రమబద్ధీకరణ పత్రం) ఏ దశలో వస్తుంది, దరఖాస్తు ఏ టేబులు మీద ఎందుకు ఆగిపోతుంది, సబ్‌డివిజన్ చేయకుండా అమ్మితే ఎలాంటి చిక్కులొస్తాయి, ఇవన్నీ మీరు చేతులతో చేసిన పనులు. చట్టం పుస్తకం చదివి రాసే న్యాయవాది వ్యాసంలో ఇవి దొరకవు. రైతుకు కావలసినవి చాలావరకు ఇవే. అందుకే మీరు రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ‘చట్టం ఇలా చెబుతుంది’ అన్నదాన్నీ ‘ఆఫీసులో ఇలా జరుగుతుంది’ అన్నదాన్నీ వేర్వేరు వాక్యాలుగా రాస్తే, ఏ మాటకు ఏ బలమో పాఠకుడికి తెలుస్తుంది. మొదటిదానికి సెక్షను నంబరు ఇవ్వండి, రెండోదానికి మీ అనుభవమే ఆధారమని చెప్పండి.

ఏ రాష్ట్రమో చెప్పడం కూడా ముఖ్యమే. తెలుగులో రాసిన వ్యాసాన్ని అనంతపురం వారూ చదువుతారు, ఆదిలాబాద్ వారూ చదువుతారు. మీరు అడంగల్ అనేదాన్ని అక్కడ పహాణీ అంటారు. మీరు పనిచేసిన 1971 చట్టం స్థానంలో తెలంగాణ 2020లో కొత్త చట్టం తెచ్చి, భూరికార్డుల కోసం ధరణి అనే ఆన్‌లైన్ పోర్టల్ పెట్టి, గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసింది. 2025లో దాన్ని కూడా తీసేసి భూభారతి చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే, భూ యాజమాన్య హక్కుల చట్టం ఒకటి చేసి, 2024లో రద్దు చేసుకుంది. అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల) బదిలీని నిషేధించిన 1977 చట్టం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా వచ్చిందే అయినా, 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ 2023లో దాన్ని సవరించుకుంది. ‘మన రాష్ట్రంలో’ అని మొదలుపెట్టిన వ్యాసం పక్క రాష్ట్రం రైతును నట్టేట ముంచగలదు. కాబట్టి మొదటి పేరాలోనే ఏ రాష్ట్రం గురించి రాస్తున్నారో, ఏ తేదీ నాటి చట్టం గురించి రాస్తున్నారో చెప్పేయండి.

తేదీ విలువ ఎంతో చెప్పాలంటే ఆడపిల్లల ఆస్తి హక్కును మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టానికి చేసిన కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా ఆ హక్కునిచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉంటేనే హక్కు అని 2015లో ప్రకాశ్, ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను తోసిపుచ్చి, హక్కు పుట్టుకతోనే వస్తుంది గనుక తండ్రి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిపోయిన భాగపంపకాలు మాత్రం చెదరవు. 2017లో ఎంత పెద్ద న్యాయవాది రాసిన వ్యాసమైనా ఈనాడు ఒక కూతురికి ‘నీకు హక్కు లేదు’ అని తప్పు చెప్పవచ్చు. తేదీ లేకుండా అది ఇంకా చదువరుల ముందుకు వస్తూనే ఉంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. 2022 మొదట్లో వినియోగదారుల కమిషన్ల గురించి రాస్తూ, జిల్లా కమిషన్ కోటి రూపాయల వరకు ఫిర్యాదులు వింటుందని 2019 చట్టంలో ఉన్నట్టే రాశాను. 2021 డిసెంబరు 30న వచ్చిన నియమాలు ఆ పరిమితిని 50 లక్షలకు తగ్గించాయని చూసుకోలేదు. ఆ పొరపాటును ఎత్తిచూపినది న్యాయవాది కాదు, బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు. సవరణ వేసుకుని ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. లా పట్టా రచయితను తప్పుల నుంచి కాపాడదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను సరిచూసుకోకుండా కోర్టులో దాఖలు చేస్తే, అసలు అలాంటి తీర్పులే లేవని తేలి, కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. తీర్పు పేరు రాసేముందు ఆ తీర్పును కళ్లతో చూడాలి. చట్టాల పాఠాలకు ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు, తీర్పులకు కోర్టుల సొంత వెబ్‌సైట్లు ఉచితంగానే అందుబాటులో ఉన్నాయి.

సగం నిజం పూర్తి అబద్ధం కన్నా ఎక్కువ నష్టం చేసే చోట్లు కూడా ఉంటాయి. ప్రామిసరీ నోటుకు 3 ఏళ్ల గడువని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ‘నోటు మీద చెల్లు (కొంత బాకీ కట్టినట్టు రాత) రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది’ అన్నదీ తెలుసు. ఆ చెల్లు 3 ఏళ్లు నిండకముందే, అప్పు తీసుకున్నవాడి సంతకంతోనో దస్తూరీతోనో పడాలన్నది చాలామందికి తెలియదు. వ్యాసంలో ఆ ఒక్క ముక్క లేకపోతే, అది నమ్మి నాలుగో ఏట చెల్లు వేయించుకుని నిశ్చింతగా ఉన్నవాడి దావా కాలదోషం పట్టి కొట్టుడుపోవచ్చు. గడువుల గురించి రాసే ప్రతి వాక్యాన్నీ రెండోసారి సరిచూసుకోండి.

సెక్షన్ల నంబర్లు కూడా మారాయని మీకు తెలిసే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి జనం నోట నానిన 420 ఇప్పుడు 318వ సెక్షనులో ఉంది. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి రెండు నంబర్లూ ఇవ్వడం మేలు.

పరుల రాతల విషయం. కోర్టు తీర్పుల పాఠాన్ని ఎవరైనా ప్రచురించవచ్చు. కానీ లా రిపోర్టు ప్రచురణకర్తలు సొంతంగా తయారుచేసిన హెడ్‌నోట్లు (తీర్పుకు ముందు వేసే సారాంశాలు) వారి ఆస్తి. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. చట్టం పాఠాన్ని వేయాలంటే దానితో పాటు మీ వ్యాఖ్యానమో మరేదైనా సొంత రచనో ఉండాలని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను అంటుంది. తెలుగులో రాసేవారికి ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఆ సెక్షనులోనే ఉంది. ప్రభుత్వం తెలుగు అనువాదం ప్రచురించని చట్టాన్ని మీరు అనువదించి ప్రచురించవచ్చు, కానీ ఇది ప్రభుత్వం ఆమోదించిన, ప్రామాణికమని ఒప్పుకున్న అనువాదం కాదని అందరికీ కనబడే చోట రాయాలి. మీ వ్యాసం హక్కు మొదట మీదే. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది వెబ్‌సైటుకు పోదు. ఒప్పందపత్రం పంపితే ఎన్నేళ్లకు రాసిస్తున్నారో చూసుకుని సంతకం చేయండి.

మీ ఆఫీసు రోజుల నుంచి ఉదాహరణలు తీసుకునేటప్పుడు ఫైళ్లలో చూసిన కుటుంబాల పేర్లు, సర్వే నంబర్లు రాయవద్దు. చిన్న మండలంలో ఊరి పేరు చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. కేసుల్లో చిక్కుకున్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. భూముల గురించి రాసేవారికి ఇవి దూరంగా అనిపించినా, కుటుంబ తగాదాల గురించి రాయబోతే ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి. అలాగే మీకు గానీ మీ బంధువులకు గానీ కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం ఉన్న అంశం మీద రాయకండి, రాయక తప్పకపోతే ఆ సంగతి వ్యాసంలోనే చెప్పండి.

మీ మేనల్లుడు ప్రేమతోనే అన్నాడు, కానీ ఆ దారి వద్దు. పేరు చూసి పాఠకుడు ఒక న్యాయవాది మాటగా నమ్ముతాడు, రాసినది ఆయన కాదు. తప్పు దొర్లితే జవాబు చెప్పుకోవలసింది ఆయన. పైగా తాను ప్రాక్టీసు చేసే రంగంలో, తాను రాయని వ్యాసాలు తన పేరుతో వరుసగా రావడాన్ని పరోక్ష ప్రచారమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే సమాధానం చెప్పడం కష్టం. ఆయన చేయగలిగిన మంచి పని ఒకటుంది. మీ వ్యాసాన్ని ప్రచురణకు ముందు చదివి, సెక్షన్లు, గడువులు సరిచూడమనండి. చివర ‘న్యాయపరంగా పరిశీలించినవారు’ అని ఆయన పేరు వేయవచ్చు. ఫోను నంబరు, ఆఫీసు చిరునామా మాత్రం వేయకూడదు. సైటు వారే అలాంటి పరిశీలన చేయిస్తారేమో కూడా అడగండి. ఎవరి వ్యాసాన్నైనా చూడకుండా వేసే సైటు అయితే మీ పేరు అక్కడ పెట్టకండి.

ఇక మీ పేరు కింద ఏం రాయాలి? ‘న్యాయ సలహాదారు’ అంటే చదివేవారికి న్యాయవాది అనే అర్థమవుతుంది. సలహా ఇస్తానని కూడా చెప్పినట్టవుతుంది. మీరు చేయకూడనివి ఆ రెండే. ‘విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, రెవెన్యూ శాఖలో 33 ఏళ్ల అనుభవం, న్యాయవాది కారు’ అని ఉన్నది ఉన్నట్టు వేయించుకోండి. రైతు దృష్టిలో ఆ హోదా చిన్నది కాదు. వ్యాసం సమాచారం కోసమేనని, సొంత వ్యవహారంలో నిర్ణయం తీసుకునేముందు కాగితాలతో న్యాయవాదిని కలవాలని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం ఉంది కదా అని తప్పు సమాచారం క్షమించదగినది అయిపోదు.

మొదటి వ్యాసానికి ఒక సూచన చేస్తాను. తండ్రి పేరున ఉన్న భూమికి వారసుల మ్యుటేషను అన్న ఒక్క విషయమే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌కు పరిమితం చేయండి. ఏ కాగితాలు కావాలి, ఏ అధికారి ఏం చూస్తాడు, నోటీసు ఎవరికి వెళ్లాలి, కూతుళ్ల పేర్లు ఎందుకు తప్పిపోతుంటాయి, తప్పిపోతే ఆమె ముందు ఎక్కడికి వెళ్లాలి, ఏది మీ శాఖ చేతిలో ఉంటుంది, ఏది ఉండదు, ఇవి రాయండి. పూర్తయ్యాక సైటుకు పంపేముందు మేనల్లుడికి ఒక ప్రతి, చట్టం తెలియని మీ ఊరి రైతు ఒకరికి ఒక ప్రతి ఇవ్వండి. రైతు ఎక్కడ ఆగి ‘అంటే ఏమిటి?’ అని అడుగుతాడో ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.